శేషం మూడు

పంపుహౌసు, మోటార్ల హాలు పక్క గది,
ఐదో తేదీ.

మాననీయులైన మరదలుగారి సముఖానికి, నీటి సరఫరా పంపుహౌసు సూపరింటెండెంటు హోదాలో కాక, తమ అక్కగారి భర్త హోదాలో పంపుకుంటున్న విన్నపం.

విషయం: ఇద్దరు ఉద్యోగులకు ఒకే రోజున విశ్రాంతి దొరకడం గురించి.
సూచిక: కళ్ళజోడు, ఒకటి.

నిన్న నాకు విశ్రాంతి దినం. ఉదయం మా భోజనాల బల్ల మీద ఒక కళ్ళజోడు కనిపించింది. నల్ల చట్రం, ఎడమ కాడకు దారం చుట్టి ఉంది. నాది కాదు. ఈ మధ్య కాలంలో మా ఇంటికి అతిథులెవరూ వచ్చినట్టు సమాచారం లేదు. దొరికిన వస్తువుల విషయంలో పంపుహౌసులో ఏ పద్ధతి పాటిస్తామో ఇంట్లోనూ అదే పాటించి, ఫ్రిజ్ తలుపు మీద ఒక ప్రకటన అంటించాను: "ఒక కళ్ళజోడు దొరికినది. యజమాని తగిన గుర్తులు చెప్పి తీసుకొని పోవచ్చును."

సాయంత్రం బజారు నుంచి తిరిగొచ్చేసరికి కళ్ళజోడు లేదు. ప్రకటన కింద మీ అక్క దస్తూరీలో ఇలా ఉంది: "గుర్తులు: మీ భార్య. పెట్టుకోవడం మొదలుపెట్టి రెండేళ్ళు."

నేను ఫ్రిజ్ తలుపు పట్టుకుని అలాగే కొయ్యబారిపోయాను. లోపలి చల్లగాలి మోకాళ్ళకు తగులుతున్నా తలుపు వేయాలన్న స్పృహ కలగలేదు.

పరిస్థితి తమకు తెలియనిది కాదు. నాది పగటి పని, ఆసుపత్రిలో మీ అక్కది రాత్రి పని. ఒకరు చెప్పులు విప్పుతుంటే ఇంకొకరు తొడుక్కుంటూ ఉంటాం. నా సెలవు రోజున ఆమె రాత్రంతా పనిచేసి వచ్చి పగలు నిద్రపోతుంది. ఆమె సెలవు రోజున నేను చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చి నిద్రపోతాను. ఇన్నేళ్ళలో ఆమెను నేను ఎక్కువగా నిద్రలోనే చూశాను. ఆమె నన్నూ అంతే. నిద్రలో ఎవరూ కళ్ళజోడు పెట్టుకోరు కదా.

అమ్మాయి ఉద్యోగానికని వేరే ఊరు వెళ్ళిపోయాక ఇల్లు బొత్తిగా అలికిడి లేకుండా పోయింది. ఇద్దరమూ మెలకువగా, ఒకే ఇంట్లో, ఒకే పగలు ఉండే రోజు ఒక్కటి కావాలి. క్యాలెండరులో నాకు దొరకలేదు. నేను లెక్క తప్పి ఉంటాను.

వ్యక్తిగత విషయాలు ఇటువంటి ఉత్తరాలలో రాయడం మర్యాద కాదు కనుక ఇకపై మమ్మల్ని మొదటి ఉద్యోగి, రెండవ ఉద్యోగి అని పేర్కొంటాను. ఈ నెల ఒకటో తేదీని ఒకటో రోజుగా లెక్కించగలరు. మొదటి ఉద్యోగికి ప్రతి నాలుగో రోజు విశ్రాంతి: నాలుగు, ఎనిమిది, పన్నెండు. రెండవ ఉద్యోగికి ఆరు రోజులకొకటి: మూడు, తొమ్మిది, పదిహేను. ఎక్కడా ఏ లోపమూ రాకూడదని మా పంపుహౌసు సెలవు నియమావళి ప్రతిని కూడా జతపరుస్తున్నాను. అర్ధదిన సెలవును సగంగానూ, పావుదిన అనుమతిని పావుగానూ లెక్కించవలెనన్న పదకొండో నియమాన్ని తప్పక గమనించాలి.

స్కూళ్ళకు టైంటేబుళ్ళు వేసే తమ యంత్రం ఈ పాటి లెక్క చేయగలదని నమ్ముతున్నాను. ఫోను చేయవద్దు. ఫోనులో చెప్పినదానికి నకలు ఉండదు.

ఇట్లు, మొదటి ఉద్యోగి.


టైంటేబుళ్ళ విభాగం, మూడో అంతస్తు,
(మీ లెక్కలో) పదమూడో రోజు.

మొదటి ఉద్యోగి అయిన బావగారికి,

నవ్వాలో ఏడవాలో తెలియక, మధ్యలో దగ్గు వచ్చింది. సొంత పెళ్ళాం కళ్ళజోడుకు ప్రకటన అంటించిన మనిషిని నేను వినలేదు, కనలేదు. మీ ఇంటి సమావేశాల్లో ఉప్పు డబ్బా మూత గురించి తీర్మానం చేసినప్పుడే నేను మీ విషయంలో అన్ని ఆశలూ వదులుకుని ఉండాల్సింది.

సరే, పని సంగతి. మామూలు ప్రోగ్రాములో యంత్రానికి "ముందు ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి" అని ఆజ్ఞలు రాస్తారు, అచ్చం మీ ఉత్తర్వుల్లాగే. నేను చేసే పద్ధతి అది కాదు. ఇందులో ఆజ్ఞలుండవు, నిబంధనలుంటాయి. ఏవేవి నిజం కావాలో చెప్పి ఊరుకుంటాం. అవన్నీ ఒక్కసారిగా నిజమయ్యే జవాబు ఉంటే అది వెతికి తెస్తుంది. లేకపోతే మొహమాటం లేకుండా "లేదు" అంటుంది.

తిరిగి తిరిగి వచ్చే రోజుల్ని ఇందులో రాయడం ఇలాగ: రోజు సంఖ్యను నాలుగేసి చొప్పున చుట్లుగా చుడితే, చుట్టకుండా మిగిలేది శేషం. "రోజు = నాలుగు ఇంటూ చుట్లు, ప్లస్ శేషం; శేషం నాలుగు కన్నా తక్కువ." మీ సెలవుకు శేషం సున్నా. అక్కకు ఆరేసి చుట్లు, శేషం మూడు. ఈ వాక్యాన్ని ఎటునుంచైనా చదవచ్చు, అదే దీని గొప్ప. రోజు చెబితే శేషం చెబుతుంది, శేషం చెబితే రోజులు చెబుతుంది.

మీ పదకొండో నియమాన్ని కూడా శిరసావహించాను. సగాలు, పావులు మీ పంపుహౌసులో చెల్లుతాయి కనుక మీ వైపు లెక్కలో వాటిని అనుమతించాను. ఆసుపత్రిలో అలాంటివి లేవు కనుక అక్క వైపు అనుమతించలేదు.

ఉత్తరం మీకు చేరే సమయం వదిలేసి, పద్దెనిమిది తర్వాత వచ్చే మొదటి రోజు అడిగాను. కన్ను మూసి తెరిచేలోపు చెప్పింది: ఇరవై ఒకటో రోజు!

బావగారూ, శుభం. మంచి చొక్కా వేసుకోండి.

మీ మరదలు.


పంపుహౌసు, అదే గది,
ఇరవై రెండో రోజు.

మరదలుగారికి,

విషయం: తమ యంత్రం మాట నమ్మి ఒక పట్టణానికి నీళ్ళు ఆపివేయడం గురించి.
సూచిక: తమ ఉత్తరం, శుభం అన్న మాట.

జరిగినది జరిగినట్టు నివేదిస్తున్నాను. నిన్న ఉదయం నేను మంచి చొక్కా వేసుకుని, కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాను. మా ఇంట్లో కూర్చోదగిన కుర్చీ అదొక్కటే. ఎనిమిది గంటలకు మీ అక్క చేతిలో టీ కప్పుతో వచ్చి, చూడకుండానే అందులో కూర్చోబోయి, నా ఒళ్ళో కూర్చుంది. ఆమె పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. టీ నా మంచి చొక్కా మీద పడింది. ఇద్దరమూ ఒకే కుర్చీని వాడుతున్నామని ఆ క్షణం దాకా ఇద్దరికీ తెలియదు. నాది అని నేనూ, తనది అని ఆమే అనుకుంటున్నాం.

ఆమె కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"మీరేంటి ఇక్కడ?"

"కూర్చున్నాను."

"ఒంట్లో బాలేదా?" అంటూ నాడి పట్టుకుంది. నాడి వేగంగానే ఉంది. "ఉద్యోగం పోయిందా?"

"లేదు. ఇవాళ నాకు సెలవు."

"మీ సెలవు నిన్నగా! నిన్న నేను వచ్చేసరికి ఇంట్లో ఉన్నారు, ఇవాళా ఉన్నారు. ఏంటండీ ఇది? నిజం చెప్పండి, ఏం చేశారు?"

నిజమే, మొన్న కూడా సెలవే తీసుకున్నాను. వెంట వెంటనే రెండు సెలవులు రావడం వింతగానే తోచింది. కానీ ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, యంత్రం చెప్పిందంటే నేను తలాడించాను. ఆమెకు జవాబు చెప్పేలోపు వంటింట్లో కుళాయి గురగురమని దగ్గి, రెండు చుక్కలు కార్చి, ఆగిపోయింది.

"చూశారా, మీ ఆఫీసువాళ్ళకి బుద్ధీ జ్ఞానం లేవు," అంది మీ అక్క. "ఈ టైములో నీళ్ళు ఆపుతారా ఎవరైనా?"

"మా ఆఫీసు నేనే," అన్నాను.

నా సంతకం లేనిదే ఉదయపు మోటారు వేయరాదన్న ఉత్తర్వు నాదే. మామూలు సెలవులకైతే ముందురోజే సంతకం పెట్టి వస్తాను; ఈ సెలవుకు ముందురోజు కూడా సెలవే. మోటారు ఆపరేటరు సంతకం కోసం గంటన్నర ఎదురుచూసి, చివరికి సైకిలెక్కి మా ఇంటికి వచ్చాడు. చొక్కా మీద టీతో, ఊరంతా బిందెలు పట్టుకుని వీధుల్లో నిలబడి చూస్తుండగా, నేను అతని సైకిలు వెనక కూర్చుని పంపుహౌసుకు వెళ్ళాను. బిందెలు నన్ను చూస్తున్నట్టే అనిపించింది.

అనుమతి లేని గైర్హాజరుకు సంజాయిషీ కోరుతూ మెమో ఇవ్వవలసిన అధికారి సూపరింటెండెంటు. కనుక నాకు నేనే మెమో ఇచ్చుకున్నాను. సంజాయిషీ సమర్పించాను. పరిశీలించి, సంతృప్తికరంగా లేదని తేల్చాను.

యంత్రం ఎలా చెప్పింది? నాకింకా నోట మాట రావడం లేదు, అందుకే రాస్తున్నాను.

ఇట్లు, బాధితుడు.


టైంటేబుళ్ళ విభాగం,
ముప్ఫయ్యో రోజు.

బావగారికి,

మీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి, కుర్చీ వెతుక్కుని కూర్చుని ముగించాను. క్షమించండి. తప్పు యంత్రానిది కాదు. అది నేను చెప్పినదంతా చేసింది, చెప్పనిదేదీ చేయలేదు.

ఇరవై ఒకటిని నాలుగేసి చొప్పున చుడితే ఐదు చుట్లు, ఒకటి మిగలాలి. కానీ పదకొండో నియమం కోసం నేను పావుల్ని అనుమతించాను చూడండి, పావులు చెల్లాల్సింది సెలవులో, చుట్ల లెక్కలో కాదు. ఆ తేడా నేను దానికి చెప్పలేదు. అది ఏమాత్రం సంకోచించకుండా మీరు ఐదుంపావు చుట్లు పూర్తిచేశారని, మిగిలింది సున్నా అని తేల్చింది. ఐదుంపావు చుట్లు! పావు చుట్టు తిరిగి ఇంటికొచ్చి కూర్చునే ఉద్యోగి ఏ దేశంలోనైనా ఉంటాడా? నాకు తలకొట్టేసినట్టుంది. పదహారేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. శేషం ఉన్నచోట చుట్లు పూర్ణసంఖ్యలై ఉండాలని మొదటి రోజే నేర్పుతారు.

ఆ ఒక్క నిబంధన చేర్చి మళ్ళీ అడిగాను.

"లేదు," అంది.

ఈ ఏడాదికా అనుకున్నాను. మీరు రిటైరయ్యేదాకా అడిగాను. లేదు. ఎప్పటికైనా అని అడిగాను. లేదు. అప్పుడు కాగితం తీసుకుని చేత్తో వేసి చూశాను. మీ సెలవులన్నీ సరి సంఖ్యలు. అక్కవి ఆరేసి చుట్ల మీద మూడు, అంటే అన్నీ బేసి. సరిసంఖ్య బేసిసంఖ్య కావడమన్నది జరిగే పని కాదు. మీరిద్దరూ నూరేళ్ళు ఉద్యోగం చేసినా, వెయ్యేళ్ళు చేసినా, మీ సెలవులు పక్కపక్కనే నడుస్తాయి కానీ ఒకదాన్నొకటి ముట్టుకోవు.

కంగారుపడకండి. అదే వాక్యాన్ని వెనకనుంచి చదివించాను: అక్క శేషం ఎంతైతే కలుస్తారు? సున్నా, రెండు, నాలుగు, వీటిలో ఏదైనా సరే. అంటే అక్క సెలవు ఒక్క రోజు ముందుకో వెనక్కో జరిగితే చాలు, పన్నెండు రోజులకొకసారి కలుస్తారు. ఒక్క రోజు! ఆసుపత్రిలో అడిగిచూడండి.

సిగ్గుతో,
మీ మరదలు.


పంపుహౌసు,
ముప్ఫై ఏడో రోజు.

మరదలుగారికి,

విషయం: ఫైలు మూసివేయడం.

నిన్న నా సెలవు. మీ అక్క నిద్రపోతుండగా, దరఖాస్తు రెండు ప్రతులు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. హెడ్ నర్సు గది ముందు పొడుగాటి బెంచీ మీద కూర్చోబెట్టారు. మందుల ట్రాలీ తోసుకుపోతున్న ఒక నర్సు నన్ను చూసి ఆగి, "మీరు ఎవరి తాలూకు?" అంది. చెప్పాను. "అయ్యో, ఉన్నారా మీరు! మీరు ఏ ఓడల్లోనో పనిచేస్తారనుకున్నామండీ మేమంతా," అని ట్రాలీ వదిలేసి ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చి చూపించింది.

హెడ్ నర్సు దరఖాస్తు చదివింది. రెండో ప్రతి కూడా చదివింది.

"ఆవిడ సెలవు ఒక్కరోజు జరపాలి, అంతేనా?"

"అంతే."

"జరపడానికి నాకేం కష్టం లేదండీ. కానీ ఆ రోజు కావాలన్నది ఆవిడే కదా. ఏళ్ళ తరబడి అదే మాట. మధ్యలో రెండుసార్లు మనుషులు చాలక నేను మారిస్తే, పోట్లాడి మరీ వెనక్కి మార్పించుకుంది. 'మా ఆయన సెలవు రోజు తప్ప ఏ రోజైనా ఇవ్వండి' అంటుంది. మీకు చెప్పలేదా?"

నేను దరఖాస్తు రెండు ప్రతులూ వెనక్కి తీసుకున్నాను. తిరిగొచ్చే దారిలో ఏ వీధి ఎప్పుడు మళ్ళానో తెలియదు. ఇల్లు చేరాక తలుపు సందులోంచి చూశాను. నిద్రపోతోంది. కళ్ళజోడు తలగడ పక్కన ఉంది.

తమ యంత్రం "లేదు" అన్నప్పుడు అది లెక్క అనుకున్నాను. మనిషి అన్న మాట అని తెలియలేదు.

ఇక ఈ విషయమై తమరు శ్రమ తీసుకోవద్దు.

ఇట్లు,
సూపరింటెండెంటు.


ఇంటి నుంచి,
నలభై మూడో రోజు.

బావా,

ఫైలు తెరవండి.

మీ ఉత్తరం కింద "సూపరింటెండెంటు" అన్న సంతకం చూశాను. ఇన్నేళ్ళలో మీరు నాకు వేళాకోళం లేకుండా రాసిన ఉత్తరం అదొక్కటే. నేను ఆగలేక అక్కకి ఫోను చేశాను. కోప్పడండి, పరవాలేదు.

అడిగాను. చెప్పింది. అక్క "ఏమే, ఉన్నావా? పాలు పొంగుతున్నాయి, పెట్టేస్తున్నా," అని పెట్టేసింది.

ఏం చెప్పిందో నేను చెప్పను. మీరు తల కిందకీ కాళ్ళు పైకీ పెట్టినా చెప్పను. మీరు పంపిన నిబంధనలన్నీ మళ్ళీ తీసి చూశాను. రోజులున్నాయి, చుట్లున్నాయి, పదకొండో నియమం ఉంది. అక్క ఏమనుకుంటోందన్నది ఎక్కడా లేదు. మీరు రాయలేదు, నేను అడగలేదు, యంత్రానికి పట్టదు. ముగ్గురం కలిసి మూడు వందల మైళ్ళ దూరం ఉత్తరాలు నడిపాం, పక్క గదిలో ఉన్న మనిషిని వదిలేసి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. భార్య సంగతి చెప్పాలా?

అడగండి. నకలు లేకుండా, నోటితో.

మీ మరదలు.


పంపుహౌసు,
నలభై తొమ్మిదో రోజు.

మరదలికి,

అడిగాను.

నిన్న ఉదయం మీ అక్క రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చే సమయానికి గుమ్మంలో నిలబడ్డాను. నన్ను చూసి, "మళ్ళీ నీళ్ళాపారా?" అంది.

"లేదు. ఒకటడగాలి. నా సెలవు రోజు తప్ప ఏదైనా ఇవ్వమని అడుగుతావట?"

"అవును," అంది, చెప్పులు విప్పుతూ, వాతావరణం గురించి చెబుతున్నట్టు.

"ఎందుకు?"

ఆమె తలెత్తి వింతగా చూసింది. "ఎందుకేంటండీ? మీరేగా ఉత్తర్వు వేసింది."

"నేనా!"

మీ అక్క చేతిసంచీ కింద పెట్టి, నిటారుగా నిలబడి, కళ్ళు కూడా ఆర్పకుండా అప్పజెప్పింది: "'శిశువు సంరక్షణ నిమిత్తము, తల్లిదండ్రుల విశ్రాంతి దినములు ఒకే దినమున పడరాదు. ఈ ఏర్పాటు తదుపరి ఉత్తర్వులు వచ్చువరకు అమలులో ఉండును.' అమ్మాయికి ఎనిమిది నెలలు అప్పుడు. దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నా మీ మీటింగులో. సెలవులు విడివిడిగా ఉంటే పన్నెండు రోజుల్లో ఐదు రోజులు పిల్లకి ఎవరో ఒకరు తీరిగ్గా దొరుకుతారు, కలిస్తే నాలుగే అని మీరే వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించారు. నేనూ బాగుందన్నా."

నా నెత్తిన పిడుగు పడింది. వేళ్ళు చూసుకున్నాను. అవే వేళ్ళు.

"దానికిప్పుడు ఇరవై రెండేళ్ళు!"

"నాకు తెలీదా? కన్నది నేనేగా."

"మరి రద్దు చేయమని అడగలేకపోయావా?"

"అడిగితే మీటింగు పెడతారు." ఇంతవరకూ మామూలుగానే అంది. ఆ తర్వాత కళ్ళజోడు తీసి, దారం కట్టిన కాడను వేలితో తిప్పుతూ, "మొదట్లో గుర్తుచేద్దామనే అనుకున్నా. మీరెప్పుడూ ఎత్తలేదు. ఎత్తకపోతే... ఇలాగే హాయిగా ఉందేమో మీకు అనుకున్నా. హాయిగా ఉన్న మనిషిని కదిలించడం ఎందుకని, ఆ రెండుసార్లూ హెడ్ నర్సుతో పోట్లాడి మరీ వెనక్కి మార్పించుకున్నా," అంది.

మరదలా, నేను మరిచిపోయాను. అంతకు మించి సంజాయిషీ నా దగ్గర లేదు. వేసిన ఉత్తర్వును వేసినవాడు మరిచాడు, అందుకున్న మనిషి ఒక్క రోజు తప్పకుండా అమలుచేసింది. ఏ కార్యాలయంలోనూ నా ఉత్తర్వు ఒక్కటైనా ఇంత నిష్ఠగా అమలైన దాఖలా లేదు. పంపుహౌసులో "ఇచ్చట ఉమ్మరాదు" అన్నది నిన్న కూడా అమలు కాలేదు.

నేను వెంటనే బల్ల దగ్గరికి వెళ్ళి తెల్లకాగితం తీశాను.

"ఏం రాస్తున్నారు?"

"రద్దు ఉత్తర్వు."

"మళ్ళీ ఉత్తర్వా?"

"మరెలా?"

"అడగండి," అంది. మీ కుటుంబమంతా ఒకటే మాట పట్టుకున్నట్టున్నారు.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను ప్రశ్నార్థకం వాడినది మెమోలలోనే. గొంతు సవరించుకోవలసి వచ్చింది. "ఒక పగలంతా... నాతో ఇంట్లో ఉంటావా?"

మీ అక్క కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని నన్ను చూసింది. "హెడ్ నర్సుని అడగాలి. ఇన్నేళ్ళు పోట్లాడి ఇప్పుడు మార్చమంటే ఆవిడ నవ్వుతుంది," అని లోపలికి వెళ్ళి పడుకుంది. వెళ్ళేటప్పుడు తలుపు పూర్తిగా వేయలేదు.

మీ అక్క సెలవు ఒక్క రోజు తర్వాతకు జరిగితే ఎప్పుడు కలుస్తామో యంత్రాన్ని అడిగి చెప్పు. పావులు వద్దు. పదకొండో నియమాన్ని నేనే పక్కన పెట్టాను.

బావ.


టైంటేబుళ్ళ విభాగం,
యాభై ఐదో రోజు.

బావగారికి,

హెడ్ నర్సు నవ్విందట, ఒప్పుకుందట. అక్క ఫోనులో చెప్పింది. అక్క నవ్వింది కూడా. అక్క ఫోనులో నవ్వితే ఎలా ఉంటుందో మరిచిపోయి, లైను పాడైందనుకుని రెండుసార్లు "హలో" అన్నాను.

శేషం మూడు తీసేసి నాలుగు పెట్టాను. చుట్లు పూర్ణసంఖ్యలు. మూడుసార్లు సరిచూశాను, చేత్తో ఒకసారి వేశాను, పక్క సీటాయన చేత ఇంకోసారి వేయించాను. అరవై నాలుగో రోజు. తర్వాత డెబ్భై ఆరు, ఎనభై ఎనిమిది, వంద. ఇంకా ఉన్నాయా అని అడిగితే ఇస్తూనే పోయింది. ఎక్కడా ఆగదు. నేనే ఆపాను, ఆఫీసు మూసే టైమైంది.

రెండు సూచనలు. మోటారు వేయడానికి మీ సంతకం అవసరం లేకుండా ఏదైనా ఏర్పాటు చేయండి, ఊళ్ళో జనం పాపం. రెండోది, ఇంకో కుర్చీ కొనండి.

మీ మరదలు.


ఇల్లు, బల్ల దగ్గర,
అరవై నాలుగో రోజు, సాయంత్రం.

మరదలా,

కుర్చీ కొన్నాను. అయినా పొద్దున్న ఇద్దరమూ అలవాటు కొద్దీ పాత కుర్చీ వైపే నడిచి, దాని ముందు ఢీకొన్నాం. "మీరు కూర్చోండి" అంటే "నువ్వు కూర్చో" అని కాసేపు గడిచింది. చివరికి ఆమె పాతదాంట్లో, నేను కొత్తదాంట్లో. కొత్తది కిర్రుమంటుంది.

"సరే, అజెండా ఏంటి?" అంది.

"లేదు."

"గత సమావేశపు తీర్మానాలు?"

"లేవు."

నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "మీ చెవి కింద ఈ పుట్టుమచ్చ ఎప్పటినుంచండీ?"

"పుట్టినప్పటినుంచి."

"అదేంటి, నేనెప్పుడూ చూళ్ళేదు!" అని నిజంగానే అదిరిపడి, కుర్చీ దగ్గరికి లాక్కుని మళ్ళీ చూసింది. కళ్ళజోడు సంగతిలో నాకున్న అపరాధ భావం అప్పుడు సగానికి తగ్గింది. సగాలు ఇక్కడ చెల్లుతాయనుకుంటాను.

పదింటికి కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి. నేను లేకుండానే. ఆపరేటరు తన సంతకంతో తనే మోటారు వేశాడు. ఆ ధార చూస్తూ నేను కాస్త చిన్నబోతే, "మీ ఆఫీసువాళ్ళకి బుద్ధొచ్చింది," అంది మీ అక్క.

ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నామో నమోదు చేయలేదు. మధ్యాహ్నం అమ్మాయి ఫోను చేసి, ఇద్దరి గొంతులూ ఒకేసారి వినబడేసరికి, "ఏమైంది? ఎవరికేమైంది? నిజం చెప్పండి!" అని ఏడవబోయింది. నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇప్పుడు మీ అక్క పాత కుర్చీలోనే కునుకు తీస్తోంది. నిద్రలో ఆమె నాకు బాగా తెలుసు. కానీ ఇవాళ నిద్రపోయేముందు ఏం మాట్లాడిందో కూడా తెలుసు. పైనెల హెడ్ నర్సు మళ్ళీ రోజులు మారిస్తే పోట్లాడాలా వద్దా అని అడిగింది. పోట్లాడమన్నాను.

ఈ ఉత్తరం పక్కన, బల్ల మీద, ఒక కళ్ళజోడు ఉంది. నల్ల చట్రం. ఎడమ కాడకు దారం. నేను ప్రకటన ఏదీ అంటించలేదు.

బావ.